రేకుల కింది తుంగ

మా వదిన అరవలేదు. నేను ఆమె పక్కనే, ఆటో దిగిన అలసటతో, మందుల సంచి పట్టుకుని నిలబడి ఉన్నాను. ఇప్పుడు అరుస్తుంది, ఇప్పుడు చేతికర్ర విసిరికొడుతుంది అని ఎదురుచూశాను. ఆమె మాత్రం పెరటి గుమ్మంలో కర్ర మీద బరువు మోపి ఎదురుగా ఉన్న నేలకేసి చూస్తూ ఉండిపోయింది. మొహంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు. మేం ఆస్పత్రికి వెళ్లేనాటికి అక్కడొక తోట ఉంది. తిరిగొచ్చేసరికి దున్ని పారేసిన ఖాళీ నేల ఉంది.

ఆ నేల మధ్యలో మా అన్నయ్య నిలబడి నవ్వుతున్నాడు.

అతని నవ్వు చూసి నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకు మండిందో తెలియాలంటే ముందు మా వదిన సంగతి తెలియాలి.

వదిన ఈ ఇంటికి కొత్తకోడలుగా వచ్చేనాటికి నేనింకా బడికి వెళుతున్నాను. వంటింటి వెనక నుంచి చివరి గోడదాకా పొడుగ్గా ఉండే పెరట్లో అప్పుడు తుంగ తప్ప మరో మొక్క లేదు. ఆమె పుట్టింటివాళ్లు వ్యవసాయం చేసినవాళ్లేం కాదు. తండ్రి గడియారాలు బాగుచేసేవాడు. అయినా ఈమెకి ఆ జాగా చూడగానే కూరగాయలు పండించాలనిపించింది. పలుగూ పారా పట్టి తవ్వింది, తుంగనంతా వేళ్లతో సహా పీకి కుప్పలు పోసింది. మేమంతా మెచ్చుకున్నాం. పక్షం తిరిగేసరికి తుంగ మునుపటికి రెండింతలు మొలిచింది. మా అమ్మ ఊరుకునే మనిషి కాదు. కోడలు వంగనారు పోసిందనుకున్నాను గానీ తుంగనారు పోసిందని తెలియలేదమ్మా అని పక్కింటిదాకా వినిపించేట్టు అంది.

ఇంకొకరైతే ఏడ్చి మానేసేవారు. వదిన ఓ చెంచా పట్టుకుని ఒక్క తుంగ మొక్క ముందు కూర్చుంది. దాని చుట్టూ మట్టి కొంచెం కొంచెంగా తీసుకుంటూ పోయింది. వాళ్ల నాన్న గడియారం విప్పడం చూసి పెరిగిన పిల్ల కదా, తొందరపడలేదు. మొక్క కింద నల్లటి గడ్డ ఒకటి, దాన్నుంచి దారంలాంటి వేరు, ఆ వేరు చివర ఇంకో గడ్డ, మళ్లీ వేరు, మళ్లీ గడ్డ. ఆ గొలుసుని అరచేతిలో పెట్టుకుని నాకు చూపించింది. పైకి లాగితే దారం తెగి గడ్డలన్నీ లోపలే ఉండిపోతాయట. గొలుసు గొలుసుగా ఉన్నంతకాలం పైనున్న గడ్డే మొలుస్తుంది, తక్కినవి నిద్రపోతుంటాయి. తెగిందా, ప్రతి గడ్డా లేచి కూర్చుంటుంది. నేను చీ అన్నాను. ఆమెకి మాత్రం కళ్లు మెరిశాయి.

ఆ రోజు నుంచి వదిన పలుగు ముట్టుకోలేదు. అరిగిపోయిన వంటింటి కత్తి ఒకటి తీసుకుని తుంగ ఆకు వేసినప్పుడల్లా నేలకి సమంగా కోసేది. ఆకు ఉంటేనే గడ్డకి కూడు. కూడు పెట్టే ఆకు లేకుండా ఆ గడ్డ ఎన్నాళ్లు బతుకుతుందో నేనూ చూస్తానంది. గొంతుకూర్చుని, మడి మడికీ తిరిగి, వానలో గొడుగు భుజాన పెట్టుకుని కోసింది. కూతురు కడుపులో ఉన్నప్పుడు కూడా పీట వేసుకుని కోసింది. మట్టి తిరగేయకుండా పైపైన కుళ్లిన ఎరువు వేసేది. ఎక్కడా నేల బోసిగా కనపడనిచ్చేది కాదు. ఎండుటాకులో, వరిగడ్డో కప్పేది. ఖాళీ నేల కనపడితే కలుపుకి కబురు పెట్టినట్టేనని ఆమె మాట.

కలుపంటే అన్నీ ఒకటే అనుకునేదాన్ని నేను. ఆమె ఒప్పుకునేది కాదు. టమాటాల కింద పాయలాకు పాకితే దాని జోలికి పోయేది కాదు, అది నేలకి దుప్పటి, ఉండనీ అనేది. అదే పాయలాకు ఉల్లినారులో కనపడితే పీకి ఎండలో రాయి మీద ఆరేసేది. తడినేల మీద పడేస్తే తెంపిన ముక్క కూడా మళ్లీ వేళ్లు దిగుతుందట. పూత పూసిన కలుపుని ఎరువు కుప్పలో వేయనిచ్చేది కాదు. బకెట్ నీళ్లలో ముంచి, కుళ్లి కంపు కొట్టేదాకా ఉంచాకే వేసేది. ఆ కంపుకి నా దగ్గర బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు. మందు డబ్బా మాత్రం గడప తొక్కనివ్వలేదు. వీధిలో చాలా ఇళ్లవాళ్లు చంటిపిల్లలకి ఉడికించి పెట్టడానికి మా పెరటి కూరగాయలే తీసుకెళ్లేవాళ్లు. ఆమెకి కలుపు మేష్టారని పేరు కూడా పెట్టారు.

అలా ఏళ్లకేళ్లు కోయగా కోయగా తుంగ ఓడిపోయింది. ఒక్క చివరిగోడ మూల తప్ప. అక్కడ మాత్రం అది మొండికేసింది. అట్టలు పరిస్తే సూదిలా పొడుచుకుని పైకి వచ్చింది. దాంతో వదిన పాత తివాచీ పరిచి, దాని మీద తుప్పు పట్టిన రేకులు వేసి, రేకుల మీద ఇటుకలు పెట్టింది. చీకట్లో మొలిచి మొలిచి అదే అలసిపోయి చస్తుందని నమ్మకం. ఆ మూలకి ఆమె పెట్టిన పేరు జైలు. ఎవరూ ఆ రేకులు కదపకూడదని నాకూ కూతురికీ మరీ మరీ చెప్పేది. మా అన్నయ్యకి చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. అతను పెరట్లోకి వచ్చేది పళ్లు తోముకోవడానికే.

అన్నయ్య బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి ఈమధ్యే రిటైరయ్యాడు. గేటు దగ్గర బస్సు చప్పుడు విని ఏ బోల్టు వదులైందో చెప్పగలిగేవాడు. చెడ్డవాడు కాదు, తాగడు, తిట్టడు, పెట్టింది తింటాడు. రిటైరయ్యాక మాత్రం ఇంట్లో తోచక కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. నా కుట్టుగదిలో కూర్చుని మిషన్‌కి నూనె ఎలా వేయాలో నాకు పాఠాలు చెప్పాడు. బట్టలు కత్తిరిస్తున్న చేత్తో దండం పెట్టి బయటికి పంపించాను.

ఇంతలో వదిన మోకాళ్లు రెండూ పాడయ్యాయి. అన్నేళ్లు గొంతుకూర్చుంటే అరగకేం చేస్తాయి. ఆపరేషన్ చేసి కొత్త కీళ్లు వేశారు. ఇక జన్మలో నేలమీద కూర్చోకూడదు, మోకాళ్ల మీద వంగకూడదని డాక్టరు చెప్పాడు. మరి కలుపెలా తీయాలండీ అని అడిగింది వదిన. ఆయన హాస్యమనుకుని నవ్వాడు. కసరత్తులు పూర్తయ్యేదాకా ఆస్పత్రికి దగ్గర్లో ఉన్న కూతురి ఇంట్లో ఉన్నాం, తోడుగా నేను. అన్నయ్య మొదట్లో రోజూ వచ్చేవాడు. తర్వాత రావడం తగ్గించి ఫోన్లో మాత్రం ఏదో దాచిపెట్టుకున్నవాడిలా మాట్లాడాడు. తోటకి నీళ్లు పెడుతున్నారా అని వదిన అడిగితే, నువ్వొచ్చి చూడు, అంతే, అన్నాడు.

వచ్చాం. చూశాం.

అతను చేసిన ఘనకార్యం ఏమిటంటే, తుక్కులో పడి ఉన్న దున్నే మిషన్ ఒకటి తెచ్చి, బోల్టు అని మేం పిలిచే అతని డిపో స్నేహితుడితో కలిసి రిపేరు చేశాడు. వదిన ఇక వంగలేదు కదా, వంగే పనే లేకుండా చేద్దామనుకున్నాడు. ఇద్దరూ కలిసి ముందు చెత్త అంతా ఏరి తగలబెట్టారట. ఆ చెత్త ఏమిటి, వదిన ఏళ్లుగా నేలకి కప్పిన ఆకులూ గడ్డీ. తర్వాత కాయలు కనపడుతున్న రెండు మూడు టమాటా మొక్కలని మాత్రం ఉంచి, కాయలేని మొక్కలన్నీ గడ్డి కింద లెక్కేసి దున్నేశారు. ఉల్లి పోయింది, వెల్లుల్లి పోయింది, విత్తనానికని ఎండనిచ్చిన ముల్లంగీ కొత్తిమీరా పోయాయి. మడులకీ దారులకీ తేడా లేకుండా పోయింది. నేను ఇంకా ఇవన్నీ లెక్కపెట్టుకుంటుండగా వదిన చేతికర్ర మెల్లగా ఎత్తి చివరి గోడకేసి చూపించింది.

జైలు లేదు. తివాచీ లేదు. ఆ రేకులు గోడ పక్కన మిషన్‌కి కప్పుగా మారి ఉన్నాయి.

"ఆ మూల కూడా దున్నేశారా?" అంది వదిన.

"మొదలుపెట్టిందే అక్కడ. ఆ మూల నుంచి ఈ గుమ్మందాకా, అడ్డంగా ఓసారి, నిలువుగా ఓసారి," అన్నాడు అన్నయ్య. మాకు చూపించడానికి మిషన్ స్టార్టు కూడా చేశాడు.

వదిన బాగుందంది. అంతే అంది. కర్ర పొడుచుకుంటూ లోపలికి వెళ్లి గోడ వైపు తిరిగి పడుకుంది. నేను అన్నయ్యని పట్టుకుని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఇన్నేళ్లు ఆవిడ బంధించి ఉంచినదాన్ని ముక్కలు ముక్కలుగా తరిగి ఇల్లంతా పంచిపెట్టావని చెప్పాను. అతనికి ఎక్కలేదు. ఎక్కడా ఒక్క గడ్డిపోచ లేకుండా శుభ్రం చేస్తే తిడతారేమిటని ఎదురు నన్నే అడిగాడు. నిజంగానే తెలియక అడుగుతున్నాడని గ్రహించాక నాకు తిట్టడానికి కూడా నోరు రాలేదు.

తర్వాతి వారం వాన పడింది. తెల్లారి అన్నయ్య పెరట్లోంచి వదినని పిలుచుకుంటూ వచ్చాడు. అతని మొహం వెలిగిపోతోంది. నీ విత్తనాలు పోలేదు, అన్నీ మొలిచాయి, వచ్చి చూడమని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు. నేనూ వెనకే వెళ్లి గుమ్మంలోనే కొయ్యబారిపోయాను. ఈ గోడ నుంచి ఆ గోడదాకా, మిషన్ తిరిగిన సాళ్ల వెంబడి, పచ్చటి సూదులు. ఒక్క జానెడు ఖాళీ లేదు. ఇంతమంది చచ్చిపోకుండా ఎక్కడ దాక్కున్నారురా అనిపించింది.

వదిన వంగలేదు కాబట్టి ఒకటి తెంపి ఇమ్మని నన్నడిగింది. కాడని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించింది. దాన్ని అన్నయ్య చేతిలో పెట్టింది.

"ఇలా దొర్లించి చూడండి. ఉల్లికాడైతే గుండ్రంగా తిరుగుతుంది. ఇది తిరగదు. మూడు మూలలుంటాయి. తుంగ."

అన్నయ్య దొర్లించాడు. మళ్లీ దొర్లించాడు. అతని మొహంలో నవ్వు ఇంకిపోవడం నేను కళ్లారా చూశాను. పాపం అనిపించింది. తేరుకుని, డిపోలో గోడల పక్కన గడ్డికి కొట్టే మందొకటి ఉండేదని, ఒక్కసారి కొడితే మాడిపోతుందని, తనే వెళ్లి తెస్తానని అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, ఆ ఆకులు కూడా విషపుటాకులు.

"మందు కొట్టిన నేలకంటే సిమెంటు నయం," అంది వదిన. "సిమెంటు పోయించేయండి. తోట వద్దు నాకు."

గొంతు పెంచలేదు. ఉప్పు అందుకోమన్నట్టు అంది. తోట వద్దని ఆ నోటితో వినాల్సివస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఆమెకి మోకాళ్లు లేవు, మొదటినుంచీ మొదలుపెట్టే వయసు లేదు. అతనికి తోటంటే ఏమిటో తెలియదు. నాకా, కుట్టుగది వదిలితే పూట గడవదు. మరి ఈ నేలని చూసేదెవరు? వద్దంటే వద్దనే అనిపించింది. ఆ మధ్యాహ్నం చంటిపిల్లని ఎత్తుకుని కూరగాయల కోసం వచ్చిన ఎదురింటి అమ్మాయిని వదిన ఉత్తచేతులతో పంపించేసింది. ఇక మా దగ్గర ఉండవమ్మా అని చెప్పింది. ఆ పిల్ల వెళ్లాక నేను గదిలోకి వచ్చి ఏడ్చాను.

మూడోనాటి పొద్దున పెరట్లో ఎవరో కొత్తమనిషి గొంతు వినిపించింది. కిటికీలోంచి చూద్దును కదా, తాపీమేస్త్రీ. టేపు ఒక కొస అతని చేతిలో, రెండో కొస మా అన్నయ్య చేతిలో. సిమెంటుకి కొలతలు తీస్తున్నారు. పెళ్లాం మాట జవదాటకపోవడమే తను చేసిన తప్పుకి విరుగుడనుకున్నాడు మహానుభావుడు. అన్నేళ్లలో ఒక్కమాట వినని మనిషి, వినకూడని మాట విన్నాడు.

నేను లేచేలోపే వదిన మంచం మీంచి లేచిన చప్పుడైంది. చేతికర్ర మంచం పక్కనే ఉండిపోయింది. గోడ పట్టుకుని గుమ్మందాకా వెళ్లింది. మేస్త్రీ కాలు ఎక్కడుందో చూసింది. మడులు చెరిగిపోయినా ఏ మడి ఎక్కడుండేదో ఆమెకి తెలుసు.

"ఎవరయ్యా నువ్వు? మడి మీద కాలు పెడతావా? దిగు. ముందు కిందికి దిగు."

వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది ఆ అరుపు. మేస్త్రీకి అక్కడ మడీ కనపడలేదు, దిగడానికి మెట్టూ కనపడలేదు. అయినా ఒక్క ఎగురు ఎగిరి పక్కకి పోయాడు. టేపు దానంతటదే చుట్టుకుపోయింది. పని ఉన్నట్టా లేనట్టా అమ్మా అని గొణిగాడు. లేదని చెప్పి పంపించేశాను.

"నువ్వేగా సిమెంటన్నావు," అన్నాడు అన్నయ్య, కుడితిలో పడ్డ ఎలుకలా.

"అన్నాను. మీరు వద్దంటారేమోనని అన్నాను."

వదిన గుమ్మం పట్టుకునే మాట్లాడింది. నేను కుర్చీ తెస్తే తోసేసింది.

"మిషన్ తిప్పినందుకు కాదండీ నా బాధ. నా కోసమే తిప్పారు, అది తెలుసు. ఇన్నేళ్లు ఈ నేలమీద పండిందే తిన్నారు. రేకుల కింద ఏముందని ఒక్కసారి అడిగారా? ఉల్లికీ తుంగకీ తేడా తెలియదు మీకు. పొద్దస్తమానం నేను ఇక్కడే కూర్చుని ఉంటే, ఇదేం చేస్తోందని ఒక్కనాడు పక్కన వచ్చి కూర్చున్నారా? మీకు ఈ తోట కనపడనే లేదు. నేనూ కనపడలేదు."

అతను బుకాయిస్తాడనుకున్నాను. మగవాళ్ల సంగతి నాకు తెలియనిదా, డ్యూటీ అంటాడు, సంసారం కోసం కష్టపడ్డానంటాడు. అన్నయ్య నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. కనపడలేదు, నిజమే, అన్నాడు. తర్వాత తల ఎత్తి, ఇప్పుడు చూపించు, అన్నాడు.

నేను కుర్చీ మళ్లీ తెచ్చాను. ఈసారి కూర్చుంది.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే అదే వరస. వదిన ప్లాస్టిక్ కుర్చీలో, అన్నయ్య మడత పెట్టిన గోనెసంచి మీద మోకాళ్లు ఆనించి, చేతిలో కత్తి. అతను పైపైన కోస్తే ఇంకా కిందికి అంటుంది. చేతిబలం కొద్దీ లాగేస్తే కర్రతో వీపు మీద తడుతుంది. లాగితే లోపలి గొలుసు తెగుతుందని ఎన్నిసార్లు చెప్పిందో. కోసిన చోట ఎండుగడ్డి కప్పిస్తుంది, తుంగకి నీడ గిట్టదని గుబురుగా పెరిగే చిక్కుడూ గుమ్మడీ దగ్గర దగ్గరగా పెట్టిస్తుంది. మొదట్లో అతను కొత్తగా నాటిన ఉల్లినారులో సగం కోసేశాడు. తర్వాత తర్వాత ప్రతి కాడనీ వేళ్ల మధ్య దొర్లించి చూసి మరీ కోస్తున్నాడు. దున్నే మిషన్‌ని బోల్టు తీసుకుపోయాడు. పోతూ పోతూ మా అన్నయ్య అవస్థ చూసి, డిపోలో ఇన్‌స్పెక్టర్లు కూడా ఇంత గట్టివాళ్లు కారని నవ్వి వెళ్లాడు.

నిన్న మళ్లీ వాన కురిసి వెలిసింది. అన్నయ్య కిందటివారం కోసిన మడి నిండా కొత్త మొలకలు. కత్తి కింద పెట్టి ఆ మడికేసీ ఈ మడికేసీ చూశాడు. నేను కిటికీ దగ్గర గుండీలు కుడుతున్నాను.

"ఇదంతా పోవాలంటే ఎన్నాళ్లు పడుతుందే?" అన్నాడు.

"అప్పుడు నాకు పదేళ్ల పైనే పట్టింది. ఇప్పుడు మీరు ఊరంతా పంచారు కదా, ఇంకాస్త ఎక్కువే పట్టచ్చు."

అన్నయ్య ఉన్నవాడు ఉన్నట్టే ఆగిపోయాడు. ఇంతకాలం అతను నెలల లెక్కలో ఉన్నాడని నాకప్పుడర్థమైంది. "పదేళ్లా? నా వయసెంతో గుర్తుందా నీకు? అన్నాళ్లు నేనుంటానో లేదో."

వదిన నవ్వలేదు. కర్ర చివరతో అతని ముందున్న మొలకని చూపించింది.

"ఉండాలి," అంది. "ఇంత పని నెత్తిన పెట్టి మధ్యలో పోతానంటే నేనొప్పుకోను."

నా చేతిలో సూది ఆగిపోయింది. కాపురానికి వచ్చిన నాటినుంచి చూస్తున్నాను, చీర అని గానీ, సినిమా అని గానీ, తనతో కాసేపు కూర్చోమని గానీ ఆవిడ అతన్ని ఒక్కటంటే ఒక్కటి అడగ్గా నేనెరగను. అన్నయ్య గోనెసంచి ముందుకి జరుపుకుని, కాడని వేళ్ల మధ్య ఓసారి దొర్లించి, మొదలు దగ్గర కత్తి పెట్టాడు.